సాయిల్ రిపోర్టులో ‘కాటయాన్లు’ అంటే ఏమిటి? చౌడు పొలానికి జిప్సం లెక్క కట్టి వేయడం ఎలా?

వేసవిలో కాలువలు కట్టేసిన దగ్గర్నుంచి నన్ను అందరూ అడిగేది ఒకటే. మట్టి పరీక్ష చేయించాం, కాగితం మీద ‘ఎక్స్ఛేంజబుల్ కాటయాన్లు’ అని నాలుగు వరుసలున్నాయి, అవేంటి, జిప్సం ఎన్ని బస్తాలు వేయాలి? అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వాళ్ళూ ఇదే అడుగుతారు, అటు నరసాపురం, మొగల్తూరు వాళ్ళూ ఇదే అడుగుతారు. మొన్న మా బాబాయి ఆ కాగితం పట్టుకుని మా అరుగు మీద కూర్చుని, "ఒరే అబ్బాయ్, ఈ కాటయాన్లంటే పురుగులా? మందేమైనా కొట్టాలా?" అని అడిగాడు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు. కాగితం చేతిలో పెట్టినవాళ్ళు ఆ మాట విప్పి చెప్పలేదు. అందుకే మొదటి నుంచి చివరిదాకా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఆ మాట అర్థం

ప్లస్ ఆవేశం ఉన్న అయాన్‌ని కాటయాన్ అంటారు. ధనాయాన్ అన్నా ఇదే. ఉప్పు నీళ్ళలో కరిగితే సోడియం ప్లస్‌తో, క్లోరైడ్ మైనస్‌తో విడిపోతాయి. ప్లస్ ఉన్న సోడియం కాటయాన్, మైనస్ ఉన్న క్లోరైడ్ ఆనయాన్. ఈ పేర్లు 1834లో మైకేల్ ఫారడే వాడుకలోకి తెచ్చాడు. ద్రావణంలో కరెంటు పంపితే కాథోడ్ వైపు నడిచేది కాటయాన్. అక్కడ కాథోడ్ మైనస్ కాబట్టి కాటయాన్ కూడా మైనస్ అనుకుని ఇంటర్ పిల్లలు పొరబడుతుంటారు. మైనస్ వైపు లాక్కోబడుతోందంటే దాని మీద ఉన్నది ప్లస్సేనని గుర్తుపెట్టుకుంటే చాలు.

పొలంలో మనకి కావలసిన కాటయాన్లు నాలుగు: కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియం. మొదటి రెండిటికి రెండేసి ప్లస్సులు, మిగతా రెండిటికి ఒక్కొక్కటి.

ఇవి మట్టిని ఏం చేస్తాయో గోదావరి పక్కన పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. జులై, ఆగస్టుల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు మా అమ్మమ్మ బిందెలో పటిక ముక్క పెట్టి నాలుగు చుట్లు తిప్పి మూత పెట్టేది. తెల్లారేసరికి అడుగున వేలు మందాన బురద, పైన అద్దంలాంటి నీళ్ళు. బంకమట్టి రేణువుల మీద మైనస్ ఆవేశం ఉంటుంది. అందుకే అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్ళలో తేలుతుంటాయి. పటికలో అల్యూమినియం కాటయాన్ ఉంది, మూడు ప్లస్సులు. అది రేణువుల్ని గుంపులు కట్టించి కిందికి దింపేస్తుంది. గోదావరి తెచ్చిన ఒండ్రు సముద్రపు నీళ్ళు తగిలిన చోట దిగబడటంలో కూడా ఈ పని ఉంది. మన కాళ్ళ కింద ఉన్న డెల్టా కొంత అలా పేరుకున్నదే.

పొలంలో ఆ పని కాల్షియం చేస్తుంది. రెండు ప్లస్సులతో మట్టి రేణువుల్ని పట్టి ఉంచుతుంది, మధ్యలో నీళ్ళకీ గాలికీ దారి ఉంటుంది. సోడియానికి అంత పట్టు లేదు. మట్టి మీద సోడియం ఎక్కువైతే రేణువులు విడిపోయి సందులన్నీ మూసుకుపోతాయి. తడిస్తే జిగురు, ఎండితే రాయి. అదే కారు చౌడు. జిప్సం అంటే నీళ్ళలో కరిగే కాల్షియం సల్ఫేట్. జిప్సంలోని కాల్షియం వచ్చి సోడియాన్ని కుర్చీలోంచి లేపి తను కూర్చుంటుంది. లేచిన సోడియాన్ని నీళ్ళతో బయటికి పంపాలి. సిద్ధాంతం ఇంతకన్నా అక్కర్లేదు.

కావలసినవి

- పార, గునపం, శుభ్రమైన ప్లాస్టిక్ బకెట్టు. ఎరువు మోసిన తట్ట వద్దు.
- మూడు గాజు గ్లాసులు, రెండు సీసాలు, రెండు లీటర్ల వాన నీరు లేదా బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్
- మట్టి రిపోర్టు, కాటయాన్లతో సహా
- వ్యవసాయ జిప్సం. ఎంతో నాలుగో మెట్టులో లెక్క కడదాం.
- చేలో నీళ్ళు పెట్టడానికి కాలువ వంతు, అంతకన్నా ముఖ్యంగా నీళ్ళు పోవడానికి మురుగు దారి

చివరిది లేకపోతే మిగతావి కొనకండి. ఎందుకో అయిదో మెట్టులో చెబుతాను.

1. మీది ఏ చౌడో తేల్చుకోండి

పాల చౌడు అంటే ఉప్పు ఎక్కువైన నేల. ఎండలకి పైన తెల్లగా పెచ్చు కడుతుంది, నడిస్తే కాలి కింద మెత్తగా పిండిలా ఉంటుంది. కారు చౌడు అంటే మట్టికి సోడియం పట్టేసిన నేల. నీళ్ళు దిగవు, నిలిచిన నీళ్ళు టీ డికాక్షన్ రంగులోనో బురదగానో ఉంటాయి. సముద్రం దగ్గరి ఊళ్ళలో చాలాచోట్ల రెండూ కలిసి ఉంటాయి. కంటితో చూసి చెప్పడం కష్టం కాబట్టి గ్లాసు పరీక్ష చేయండి.

చేలో మూడు చోట్ల నుంచి బాగా ఎండిన మట్టిగడ్డలు తెండి, బఠానీ గింజంత చాలు. గ్లాసులో వాన నీరు పోసి, గడ్డని మెల్లగా అడుగున దింపండి. కదపొద్దు, కలపొద్దు. పది నిమిషాలయ్యాక ఒకసారి, రెండు గంటలయ్యాక ఒకసారి, మర్నాడు పొద్దున్న ఒకసారి చూడండి.

గడ్డ విరిగి పొడిగా రాలి, పైన నీళ్ళు తేటగా ఉంటే సోడియం బాధ తక్కువ. గడ్డ చుట్టూ పాలు ఒలికినట్టు తెల్లటి పొగలాంటి వలయం కట్టి, నెమ్మదిగా గ్లాసంతా పాకితే సోడియం ఎక్కువ. ఈ వలయాన్ని ఒక్కసారి చూస్తే మళ్ళీ మర్చిపోరు.

చాలామంది ఇక్కడ మూడు పొరపాట్లు చేస్తారు. బోరు నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళలో ఉన్న లవణాలు మట్టిని విడిపోనివ్వవు, పాడైన నేల కూడా పాసైపోతుంది. స్పూనుతో కలుపుతారు. కలిపితే మంచి మట్టి కూడా బురదవుతుంది. మూడోది, గడ్డ రాలిపోవడాన్నే చెడ్డ గుర్తు అనుకుంటారు. రాలడం వేరు, పాలలా కరగడం వేరు. మనం కనిపెట్టి చూడాల్సింది రెండోదే.

ఒక జాగ్రత్త. ఉప్పూ సోడియం రెండూ ఉన్న నేల ఈ పరీక్షలో తేటగా కనిపించి మోసం చేస్తుంది, ఎందుకంటే మట్టిలోని ఉప్పే రేణువుల్ని పట్టి ఉంచుతోంది. పైన తెల్ల పెచ్చు ఉంటే అదే మట్టిని ఒక సీసాలో వాన నీటితో కలిపి, తేరాక పై నీళ్ళు వంచేసి, మళ్ళీ పోసి, ఇలా మూడు నాలుగుసార్లు కడగండి. కడిగినకొద్దీ నీళ్ళు తేరడం మానేసి బురదగానే ఉండిపోతే కింద సోడియం దాక్కుని ఉన్నట్టే.

2. మట్టి తీయడం

కాలువలు కట్టేశాక, చేను ఆరాక, ఏప్రిల్, మే నెలలు దీనికి మంచివి. ఎకరానికి ఎనిమిది పది చోట్ల, గట్టుకీ, చెట్టు నీడకీ, పెంట కుప్పకీ దూరంగా తీయండి. పై చెత్త పక్కకి జరిపి, ‘వి’ ఆకారంలో ఆరు అంగుళాల లోతు గొయ్యి తీసి, పక్క గోడ నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందాన మట్టి చెక్కండి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలో మిగల్చండి. నీడలో ఆరబెట్టండి.

చౌడు మచ్చల్ని బాగున్న చోటుతో కలపొద్దు. ఇది అందరూ చేసే తప్పు. ఎకరంలో పాతిక సెంట్లు పాడైతే ఆ పాతిక సెంట్ల మట్టి విడిగా వెళ్ళాలి. కలిపితే రిపోర్టు మధ్యరకంగా వస్తుంది, దాన్ని పట్టుకుని వేసిన జిప్సం బాగున్న చోట దండగ, పాడైన చోట చాలదు. వీలైతే రెండో అడుగు మట్టి కూడా ఒక సంచిలో వేసి పంపండి. కొబ్బరి తోట అయితే తప్పకుండా పంపండి.

3. ల్యాబులో ఏం అడగాలి, వచ్చింది ఎలా చదవాలి

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో పన్నెండు అంశాలుంటాయి: పీహెచ్ (మట్టి ఆమ్లమా క్షారమా చెప్పే అంకె), ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతో చెప్పే కరెంటు కొలత), సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్. మార్పిడి (ఎక్స్ఛేంజబుల్) సోడియం, అంటే మట్టిని పట్టుకుని ఉండి వేరే కాటయాన్ వస్తే లేచిపోయే సోడియం, అందులో లేదు. అంటే కార్డు ఒక్కటే చూసి జిప్సం లెక్క కట్టలేం. ‘ఎక్స్ఛేంజబుల్ కాటయాన్లు, సీఈసీ, ఈఎస్‌పీ చేయాలి’ అని నోటితో అడగండి. ‘జిప్సం రిక్వైర్‌మెంట్’ పరీక్ష చేసే ల్యాబైతే మరీ మంచిది, ఎకరానికో హెక్టారుకో ఎంతన్నది వాళ్ళే నేరుగా ఇస్తారు.

సీఈసీ అంటే మట్టి ఎన్ని కాటయాన్లని పట్టుకోగలదో ఆ సామర్థ్యం. బస్సులో సీట్ల లెక్క అనుకోండి. మన నల్ల బంకమట్టిలో సీట్లు ఎక్కువ, ఇసుక నేలలో తక్కువ. ఈఎస్‌పీ అంటే ఆ సీట్లలో నూటికి ఎన్ని సోడియం ఆక్రమించిందో ఆ లెక్క.

పీహెచ్ 8.5 దాటి, ఈఎస్‌పీ 15 దాటితే కారు చౌడు. ఈసీ 4 దాటి, ఈఎస్‌పీ 15 లోపుంటే పాల చౌడు. ఈసీ, ఈఎస్‌పీ రెండూ దాటితే రెండూ కలిసినది.

ఈ 4 అనే అంకె దగ్గర ఒక చిక్కుంది. అది మట్టిని నీళ్ళతో ముద్దలా నానబెట్టి పిండిన రసానికి పెట్టిన హద్దు. మామూలు ల్యాబుల్లో ఒక వంతు మట్టికి రెండు లేదా రెండున్నర వంతుల నీళ్ళు కలిపి కొలుస్తారు. నీళ్ళు ఎక్కువ కాబట్టి అంకె బాగా తక్కువ వస్తుంది. ‘ఈసీ 1.5 వచ్చింది, 4 కన్నా తక్కువే కదా’ అని ఊరుకుంటే మోసపోతాం. ఏ పద్ధతిలో కొలిచారో అడిగి తెలుసుకోండి.

యూనిట్లు కూడా చూడండి. వంద గ్రాములకి మిల్లీ ఈక్వివలెంట్లు అన్నా, కిలోకి సెంటీ మోల్స్ అన్నా అంకె ఒకటే. పీపీఎంలో (కిలోకి ఎన్ని మిల్లీ గ్రాములని) ఇస్తే మార్చుకోవాలి: సోడియాన్ని 230తో, కాల్షియాన్ని 200తో, మెగ్నీషియాన్ని 122తో, పొటాషియాన్ని 390తో భాగించండి. అలా చేయకుండా పీపీఎం అంకెలతోనే నూటికి ఎంతని కడితే లెక్క మొత్తం తప్పు.

4. జిప్సం లెక్క

ఉదాహరణకి ఒక రిపోర్టు ఇలా ఉందనుకుందాం: కాల్షియం 19, మెగ్నీషియం 12, పొటాషియం 1, సోడియం 8. మొత్తం 40. నలభై సీట్లలో సోడియానివి 8, అంటే ఈఎస్‌పీ 20.

దీన్ని 10కి దించాలి. నలభైలో పదో వంతు 4. ఉన్న 8లోంచి 4 తీసేస్తే మనం లేపాల్సిన సోడియం 4.

ఆరంగుళాల లోతున ఒక ఎకరం మట్టిలో వంద గ్రాములకి ఒక్క మిల్లీ ఈక్వివలెంట్ చొప్పున సోడియాన్ని లేపడానికి సుమారు 0.78 టన్నుల స్వచ్ఛమైన జిప్సం కావాలి. నాలుగుకి 3.1 టన్నులు.

వరికి లోతైన వేర్లు ఉండవు, పైగా నీళ్ళలో పెరిగే పంట. అందుకని లెక్కలో వచ్చినదాంట్లో సగం వేసి మొదలుపెట్టడం వాడుకలో ఉన్న పద్ధతే. సగమంటే 1.55 టన్నులు. మీకు దొరికిన జిప్సం 80 శాతం స్వచ్ఛతైతే 1.55ని 0.8తో భాగించండి. 1.95 టన్నులు, అంటే యాభై కిలోల బస్తాలు 39.

"ఎకరానికి నాలుగు బస్తాలు వేశాం, ఏమీ లాభం లేదు" అని ఎంతోమంది అంటారు. రెండు క్వింటాళ్ళు అన్నది వేరుశనగకి ఊడలు దిగే టైములో కాయ గట్టిపడటానికి వేసే మోతాదు. ఆ మోతాదే చౌడుకీ నడిచిపోతోంది. నలభై బస్తాలు కావలసిన చోట నాలుగు వేసి, జిప్సం పనిచేయదని చెప్పడం న్యాయం కాదు. డబ్బు చాలకపోతే ఎకరమంతా పలచగా చల్లకుండా, పాతిక సెంట్లకి పూర్తి మోతాదు వేయండి. వచ్చే ఏడాది ఇంకో పాతిక.

రిపోర్టులో పాల చౌడు అని తేలి, కడిగిన పరీక్షలో కూడా నీళ్ళు తేటగానే ఉంటే జిప్సం మీద పైసా పెట్టకండి. దానికి మంచి నీళ్ళతో కడగడమే మందు.

కొనేటప్పుడు స్వచ్ఛత ఎంతో బిల్లు మీద రాయించుకోండి. ఉండలు కట్టింది కాకుండా మెత్తగా ఉన్నది చూడండి. గుప్పెడు తీసి నిమ్మరసం పిండితే నురగ రాకూడదు. బుసబుసమని పొంగితే అందులో సున్నపురాయి కలిసినట్టే. ఫాస్ఫేట్ ఎరువుల తయారీలో మిగిలే ఫాస్ఫో జిప్సం కూడా పనికొస్తుంది, అయితే తడిగా ఉంటుంది కాబట్టి తూకంలో తేమ తీసేసి లెక్క కట్టాలి.

ఇక సున్నం. దయచేసి చౌడుకి సున్నం వేయకండి. చేపల చెరువుల్లో వేస్తున్నారు కదా, అందులోనూ కాల్షియమే కదా అని అడుగుతారు. చెరువు సంగతి వేరు. సున్నపురాయి పొడి ఇంత పీహెచ్‌లో దాదాపు కరగదు, కరగనిది కాటయాన్‌గా బయటికి రాదు. కాల్చిన సున్నమైతే అసలే ఎక్కువున్న పీహెచ్‌ని ఇంకా పెంచుతుంది.

మట్టిలో సున్నపు గులకలు కనిపిస్తే గంధకం పొడి ఒక ప్రత్యామ్నాయం. ఒక కిలో గంధకం సుమారు 5.4 కిలోల జిప్సంతో సమానం. కానీ మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చాలి, దానికి గాలి, వెచ్చదనం, నెలల టైము కావాలి. నీళ్ళు నిలిచిన వరి చేలో అది సాగదు. అందుకే నేను జిప్సం వైపే ఉంటాను.

5. ముందు నీళ్ళు పోయే దారి

నా మొదటి ఏడాది తప్పు చెబుతాను. మా చేను రెండూ కలిసిన చౌడు. ఉప్పు కడిగేస్తే చాలనుకుని జిప్సం వేయకుండా కాలువ నీళ్ళు మూడుసార్లు పెట్టి వదిలాను. తెల్ల పెచ్చు పోయింది, చాలా సంతోషపడ్డాను. నాలుగో వారానికి చేను జిగురు ముద్దైపోయింది. కాలు పెడితే చెప్పు ఊడిరాదు, నీళ్ళు ఒక్క అంగుళం కిందికి దిగవు. సార్వాకి (వానాకాలం వరికి) ఊడ్చిన నాట్లు పసుపెక్కి, మచ్చలు మచ్చలుగా చచ్చాయి. మట్టిని పట్టి ఉంచిన ఉప్పుని నా చేత్తో నేనే కడిగేసి, సోడియాన్ని మాత్రం మట్టి మీద వదిలేశాను. రెండూ కలిసిన నేలలో జిప్సం ముందు, కడగడం తర్వాత. ఈ వరుస మార్చొద్దు.

దారి విషయానికొస్తే, చేను చుట్టూ మోకాలి లోతు బోదె తీసి దాన్ని మురుగు కాలువలో కలపండి. గట్లు గట్టిగా వేసి, చేను చదును చేయండి. ఎత్తుపల్లాలుంటే ఎత్తున్న చోట నీళ్ళు నిలవవు, చౌడు అక్కడే మిగులుతుంది.

సముద్రం దగ్గర డ్రెయిన్లలో పోటు వచ్చినప్పుడు నీళ్ళు వెనక్కి ఎక్కుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మరీ ఎక్కువ. పాటు (సముద్రం వెనక్కి తగ్గే) సమయం చూసి తూము తీయండి, పోటు తగలకముందే మూసేయండి. ఒక్క పోటు నీరు లోపలికొస్తే పది రోజుల కష్టం పోతుంది.

పక్కన ఉప్పునీటి రొయ్యల చెరువు ఉంటే దాని గట్టుకీ మీ గట్టుకీ మధ్య లోతైన బోదె ఉండాలి, ఊట అందులో పడి డ్రెయిన్‌లోకి పోవాలి. ఊట ఆగకపోతే ఎన్ని టన్నుల జిప్సం వేసినా అది ఊటతో వచ్చే సోడియానికే సరిపోతుంది. ఆ బోదె కోసం చెరువు ఆయనతో మాట్లాడటం ఇబ్బందే, నాకు తెలుసు. అయినా జిప్సం కొనకముందే మాట్లాడండి.

6. చల్లడం, నీళ్ళు కట్టడం

మే చివర, కాలువకి నీళ్ళు వదిలే ముందు చల్లండి. గాలి లేని పొద్దుటి పూట ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేనుని పది సెంట్ల మడులుగా మనసులో గీసుకుని, మడికి నాలుగు బస్తాల చొప్పున పోసి పరచండి. తర్వాత కల్టివేటర్‌తో పైపైన, నాలుగంగుళాలకి మించకుండా కలపండి. లోతుగా దున్నితే జిప్సం పలచబడి అడుగుకి పోతుంది, పైనున్న సోడియం పైనే ఉంటుంది.

ఎంత నీరు? జిప్సం లీటరుకి సుమారు రెండున్నర గ్రాములే కరుగుతుంది. ఎకరంలో నాలుగంగుళాల నీరు నిలిపితే నాలుగు లక్షల లీటర్లు. అంటే ఆ నీళ్ళలో మహా అయితే ఒక టన్ను కరుగుతుంది. రెండు టన్నులు వేసినవాళ్ళు ఒక్క తడితో సరిపెడితే సగం తెల్లగా అలాగే ఉండిపోతుంది. నాలుగు నుంచి ఆరు అంగుళాలు నిలిపి, పది పదిహేను రోజులు తగ్గినకొద్దీ పెడుతూ, తర్వాత మొత్తం వదిలేయండి. ఇలా రెండుసార్లైనా చేయండి. మధ్యలో చేను ఎండనివ్వొద్దు. ఎండితే కింది ఉప్పు మళ్ళీ పైకెక్కుతుంది.

ఈ రోజుల్లో దమ్ము చేయొద్దు. బురద చేస్తే సందులు మూసుకుపోయి కాల్షియం కిందికి దిగదు. ఊడ్పులకి ముందు ఒక్కసారి తేలిగ్గా చేసుకుంటే సరిపోతుంది.

7. పంట

టైముంటే జిప్సం కడిగాక జీలుగ చల్లి, పూతకొచ్చే ముందు కలియదున్నండి. చౌడుని తట్టుకునే పచ్చిరొట్టల్లో దాని తర్వాతే ఏదైనా. కాలువ ఆలస్యమై టైము లేకపోతే ఈ ఏడాది జీలుగ వదిలేయండి, ఊడ్పులు ఆలస్యం చేసుకోవద్దు.

రకం విషయంలో మచిలీపట్నం పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎంసీఎం 100, ఎంసీఎం 103 లాంటి చౌడు తట్టుకునే రకాలు చూడండి. ఆకుమడి మాత్రం మంచి నేలలోనే పోయాలి. కాస్త ముదురు నారు, కుదురుకి మూడు నాలుగు మొక్కలు, దగ్గర దగ్గరగా ఊడ్చండి. లేత నారు చౌడులో బతకదు. ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ ఆఖరి దమ్ములో వేయండి, డీఏపీతో కలిపి మాత్రం వేయొద్దు. నత్రజని కోసం యూరియా బదులు అమ్మోనియం సల్ఫేట్ వాడితే గాలిలోకి పోయేది కొంత తగ్గుతుంది. అమ్మోనియం కూడా కాటయానే, మట్టి దాన్ని పట్టి ఉంచుతుంది.

కొబ్బరికి ఉప్పు వేసే అలవాటు కోనసీమలో ఇంకా ఉంది. చెట్టుకి పనికొచ్చేది అందులోని క్లోరైడ్. సోడియం బంకమట్టిలో మిగిలిపోతుంది. పీహెచ్ ఎక్కువున్న తోటల్లో అదే క్లోరైడ్‌ని మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌తో ఇవ్వొచ్చు, పొటాష్ అదనంగా వస్తుంది.

8. బోరు నీళ్ళు వాడేవాళ్ళకి

దాళ్వాకి (రెండో పంట వరికి) కాలువ చివర బోరు మీద ఆధారపడితే నీళ్ళ రిపోర్టు కూడా కావాలి. లీటరుకి మిల్లీ గ్రాముల్లో ఇస్తే సోడియాన్ని 23తో, కాల్షియాన్ని 20తో, మెగ్నీషియాన్ని 12.2తో భాగించండి. సోడియం 460, కాల్షియం 80, మెగ్నీషియం 49 ఉన్నాయనుకోండి. అవి 20, 4, 4 అవుతాయి. కాల్షియం, మెగ్నీషియం కలిపి సగం చేస్తే 4, దాని వర్గమూలం 2. ఇరవైని రెండుతో భాగిస్తే 10. ఇదే ఎస్‌ఏఆర్, అంటే మిగతా రెండిటితో పోలిస్తే నీళ్ళలో సోడియం పాలు ఎంతో చెప్పే అంకె. పది దాటితే బంకమట్టి నేలకి ఆ నీళ్ళు ఒక్కటే పెట్టొద్దు, కాలువ నీళ్ళతో కలిపి పెట్టండి.

రిపోర్టు సరిగ్గా ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. ఈ యూనిట్లలో కాటయాన్ల మొత్తం, ఆనయాన్ల మొత్తం దాదాపు సమానం కావాలి, ఎందుకంటే ఏ నీళ్ళలోనూ ప్లస్సులూ మైనస్సులూ విడిగా మిగలవు. నూటికి అయిదారు తేడా ఉంటే పర్వాలేదు. ఇరవై తేడా వస్తే మళ్ళీ చేయమని అడగండి.

9. పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

జిప్సం కొనకముందే ఒక పరీక్ష చేసి చూడండి. రెండు సీసాల్లో చౌడు మట్టి రెండేసి చెంచాలు వేసి, వాన నీళ్ళు పోయండి. ఒకదాంట్లో మాత్రం చెంచా జిప్సం వేయండి. రెండూ బాగా గిలకొట్టి అరుగు మీద పెట్టండి. మా బాబాయికి ఇదే చూపించాను. సాయంత్రానికి జిప్సం సీసాలో మట్టి దిగి పైన తేరుకుంది. రెండోది మర్నాడు పొద్దున్నకి కూడా కాఫీలా ఉంది. ఆయన రెండు సీసాలూ వెలుగుకి ఎత్తి చాలాసేపు చూసి, "పటిక వేసినట్టే ఉందిరా" అన్నాడు. మీ సీసాల్లో ఈ తేడా రాకపోతే ఆగండి. మట్టిలో ఉప్పుంటే ఒకటో మెట్టులో చెప్పినట్టు కడిగి మళ్ళీ చేయండి. అప్పటికీ రెండూ ఒకేలా ఉంటే మీ బాధ సోడియం కాకపోవచ్చు.

చేలో చూడాల్సిన గుర్తులు వరుసగా ఇవి. నీళ్ళు కట్టిన కొన్నాళ్ళకి నిలిచిన నీరు తేటబడాలి, అడుగున మట్టి కనిపించాలి. తర్వాత, కొలిచే కర్ర ఒకటి పాతి, నీళ్ళు పెట్టడం ఆపి, రోజుకి ఎంత తగ్గుతోందో గీతలు పెట్టండి. ఎండకి ఆవిరయ్యేది పోల్చుకోవడానికి పక్కనే బకెట్లో నీళ్ళు పెట్టి అది ఎంత తగ్గిందో కూడా చూడండి. బకెట్ కన్నా చేను ఎక్కువ తగ్గితే నీరు దిగుతున్నట్టు. అయితే గట్టుకి ఎండ్రకాయ బొరియలున్నాయేమో ముందే చూసుకోండి. పంట కోశాక ఎండిన గడ్డ తెచ్చి మళ్ళీ గ్లాసు పరీక్ష చేయండి. పాల వలయం పలచబడి ఉండాలి.

పీహెచ్ వెంటనే దిగలేదని టెన్షన్ పడకండి. మన నల్ల బంకమట్టిలో నీరు దిగడమే నిదానం, రెండు మూడు సార్వాలు పడుతుంది. మొదటి సార్వా అయ్యాక అదే చోట, అదే లోతులో మట్టి తీసి కాటయాన్లు మళ్ళీ చేయించండి. సోడియం 8 నుంచి 6కి వచ్చి, కాల్షియం పెరిగి ఉంటే మిగతా సగం జిప్సం వచ్చే మే నెలలో వేయండి. సోడియం కదలకపోతే ఇంకో బస్తా కొనకుండా ముందు బోదె దగ్గరికి వెళ్ళండి. తూము దగ్గర వదిలిన నీళ్ళు నిజంగా డ్రెయిన్‌లోకి పోతున్నాయో, పోటుకి తిరిగి చేలోకే వస్తున్నాయో ఒక రాత్రి లాంతరు పట్టుకుని నిలబడి చూడండి.